పెద్దబాపు రుచి చూసిన నీళ్ళు

మా మొగులయ్య పెద్దబాపు మనుషులను నమ్మడు, నీళ్ళను నమ్ముతాడు. ఎవరింటికి వెళ్ళినా ముందు చెంబెడు నీళ్ళు అడుగుతాడు. నోట్లో పోసుకుని, కళ్ళు మూసుకుని, పుక్కిలించి మింగి తీర్పు చెబుతాడు. నచ్చకపోతే ఆ ఇంట్లో చాయ్ కూడా ముట్టడు. ఛత్రినాకలో పాలు అమ్మే మనిషికి నీళ్ళ సంగతి తెలియక ఎవరికి తెలుస్తుందని గిట్టనివాళ్ళు అంటారు.

ఆయన కొడుకు పింటూ అన్న ఓసారి మొఘల్‌పురాలో అద్దె ఇల్లు చూసుకున్నాడు. పెద్దబాపు చెంబు దించి, "వద్దుర, నీళ్ళు మంచిగ లేవు" అన్నాడు.

"మనింటికొచ్చే నీళ్ళే గదనే బాపూ ఈడికి గూడ వచ్చేది."

"పైపు వేరే."

ఆ ఇల్లు పోయింది. పింటూ అన్న ఇప్పటికీ ఆ గల్లీలో వెళ్తే ఉసూరుమంటాడు.

అలాంటి మనిషి నా చదువు మీద పడ్డాడు. నాకు సిటీలోనే డిగ్రీ సీటు ఉంది. కానీ మా ఉమ్మడి ఇంటి బర్రెల మధ్య పెరిగినదాన్ని, పశువుల డాక్టరే కావాలని నా పంతం. ఆ సీటేమో ఎక్కడో మూలన, పొద్దుగూకితే బస్సు కూడా రాని చిన్న ఊళ్ళోని యూనివర్సిటీలో వచ్చింది. "నీళ్ళు జూసినంకనే చెప్త" అన్నాడు పెద్దబాపు. మా నాన్న వాళ్ళన్న మాట జవదాటడు. అంటే నా చదువంతా ఆ గుక్కెడు నీళ్ళ మీద పడింది.

హాస్టల్ ముందు ఆటో ఆగగానే, నాన్న పెట్టె దించబోతుంటే, పెద్దబాపు వార్డెన్ విమలాదేవి గారిని నీళ్ళు అడిగాడు. పుక్కిలించాడు. చింతకాయ కొరికినట్టు మొహం పెట్టాడు.

"ఉప్పగున్నయ్. పెట్టె దించకు తమ్మీ."

"పిల్లలందరూ ఇవే తాగుతున్నారండీ" అన్నది ఆవిడ.

"గందుకే గట్ల ఎండిపోయిండ్రు."

నేను వెళ్ళి ఆటోలో కూర్చున్నాను. ఏడవకూడదనుకుంటూనే ఏడ్చాను. పెద్దబాపు నన్ను కాసేపు చూసి, చెంబు పట్టుకుని బయలుదేరాడు. మెస్సులో తాగాడు, క్లాసుల దగ్గర తాగాడు, చివరికి పశువుల కొట్టం దగ్గరి నల్లా కింద చెంబు పెట్టాడు. అక్కడి నుంచే కేకేశాడు.

"తమ్మీ, గీ నీళ్ళు మస్తున్నయ్. అచ్చం మనింటికొచ్చే గండిపేట నీళ్ళే. పెట్టె దించు."

వాళ్ళు వెళ్ళగానే సంబరంగా ఆ నల్లా దగ్గరికి పరుగెత్తాను. ఒక్క గుక్క తాగి ఉమ్మేశాను. వాటికంటే హాస్టల్ నీళ్ళే నయం. నీళ్ళ విషయంలో ఆయన అబద్ధం చెప్పడం అదే మొదటిసారి.

చేరిన కొత్తలో నాకు ఒకటే పశ్చాత్తాపం. దోస్తులంతా సిటీలో కలిసి తిరుగుతున్నారు, నేనేమో కరెంటు పోయిన గదిలో విసనకర్ర పట్టుకుని కూర్చున్నాను. ఉండబట్టలేక పెద్దబాపుకు ఫోన్ చేశాను.

"ఈడికి వచ్చి తప్పు చేసిన పెద్దబాపూ. వాపస్ వస్త. నువ్వు చెప్పిన నీళ్ళు గూడ మంచిగ లేవు."

"ఎరుకే బిడ్డా. గా దినం నేను నీళ్ళు జూడలే, నీ మొఖం జూసిన. నువ్వు లేక ఇల్లు బోసిపోయింది. ఎందుకు పంపిన్నా అని నాకు గూడ రోజూ అనిపిస్తది. అట్లని రాకు. సదువుకో."

నెలల తరబడి ఆ ఉప్పునీళ్ళే తాగి, బోనాలకు ఇంటికి వెళ్ళాను. పెద్దబాపు తానే చెంబెడు నీళ్ళు తెచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"తాగు బిడ్డా. ఎట్లున్నయ్ మన నీళ్ళు?"

కళ్ళు మూసుకుని, పుక్కిలించి మింగాను.

"చప్పగున్నయ్ పెద్దబాపూ."

ఆయన మొహం చిన్నబోయింది. చెంబు తీసుకుని తనూ ఒక గుక్క తాగి, చాలాసేపు ఆలోచించాడు.

"పైపు మార్చిండ్రేమో" అన్నాడు.