నాన్నతో ట్యాంకుల ఆట

మా నాన్నకి వీడియో గేమ్ ఆడటం బొత్తిగా రాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆయన చచ్చినా ఒప్పుకోడు.

నాకు పదకొండేళ్ళప్పుడు, తొంభైల చివర్లో, గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు, అంటే కాయల బస్తాలు, అమ్మి ఇంటికొస్తూ ఆయన దాన్ని తెచ్చాడు. టీవీకి తగిలించే పెట్టె, రెండు రిమోట్లు, ఒక క్యాసెట్. పెదకాకాని పక్కన మా ఊళ్ళో అలాంటిది ఎవరింట్లోనూ లేదు. "చేలో మోటారు బాగుచేయించవయ్యా మగడా అంటే దీన్ని మోసుకొచ్చాడు మహానుభావుడు" అని అమ్మ రెండు రోజులు సణిగింది.

మేమిద్దరం ఆడేది ట్యాంకుల ఆట. తెర అడుగున ఇటుకల గోడ మధ్య ఒక పిట్ట బొమ్మ ఉంటుంది. పైనుంచి శత్రువుల ట్యాంకులు దిగుతాయి. అవి పిట్టని కాల్చేలోపు మనం వాటిని కాల్చాలి. నాది పసుపు బండి, నాన్నది ఆకుపచ్చది. ఇద్దరం ఒకే జట్టు, కానీ సగంసార్లు పిట్టని కాల్చేది నాన్నే.

"నువ్వే కాల్చావు నాన్నా!"

"నేనెక్కడ కాల్చానే? అదే అడ్డమొచ్చింది!"

"గోడ మధ్యలో కూర్చున్న పిట్ట ఎట్టా అడ్డమొస్తుంది?"

అమ్మ వంటింట్లోంచి నవ్వేది. కల్లంలో కాయలు ఏరిన రోజు నాన్న చేతుల ఘాటు సబ్బుకి కూడా వదిలేది కాదు. ఒకసారి ఆయన పట్టుకున్న రిమోట్ నేను పట్టుకుని, అదే చేత్తో కన్ను నలుపుకుని ఇల్లెగిరిపోయేట్టు అరిచాను. ఆ తర్వాత వేళ్ళకి కొబ్బరినూనె రాసుకుని కడుక్కొస్తేగానీ ఆయన్ని ఆటకి రానిచ్చేదాన్ని కాదు. ఊరంతటి మీదా నోరు చేసుకునే మనిషి, నా ముందు చేతులు చాపి చూపించేవాడు. నా స్నేహితురాళ్ళ నాన్నలెవరూ కూతురి పక్కన నేలమీద మఠం వేసుకుని కూర్చోవడం నేను చూడలేదు. నాకు అదెంత గర్వమో!

మరుసటి ఏడు వేసవి సెలవుల్లో నేను పెద్దమనిషినయ్యాను. లోపలి గదిలో మూలన తాటాకుల మీద చాప వేసి కూర్చోబెట్టారు. నా కంచం వేరు, గ్లాసు వేరు. పూటపూటా నువ్వుల చిమ్మిలి తినమని ఒకటే పోరు. స్నానం అయ్యేదాకా మగవాళ్ళ కంట పడకూడదు, నాన్నయినా సరే. గుమ్మానికి దుప్పటి కట్టి, దాని పక్కనే మా నాయనమ్మ పీట వేసుకుని కాపలా కూర్చుంది.

ఒక సాయంత్రం ముందు గదిలోంచి ఆట మొదలయ్యే పాట వినపడింది. నాన్న ఒక్కడే ఆడుతున్నాడు. ఆ చప్పుళ్ళన్నీ నాకు కొట్టినపిండి. ఇటుక పగిలితే ఒక చప్పుడు, ఇనుప గోడకి తగిలితే ఇంకొకటి. ఇటుకలు గబగబా రాలుతున్నాయి, నాన్న బండేమో కదలకుండా గుర్రుమంటోంది. నావల్ల కాలేదు.

"వెనక్కి రా నాన్నా! పిట్ట దగ్గరికొచ్చేశారు!"

"ఒసేయ్, ఏందే ఆ కేకలు? వీధిలోకి వినపడతాంది!" అంది నాయనమ్మ.

నాన్న బండి వెనక్కి కదిలిన చప్పుడైంది. ఆ చప్పుడు విని చాప మీద కూర్చున్న నేను ఎంత సంబరపడ్డానో చెప్పలేను. మూలన ఉన్న మిగతా రోజులన్నీ అట్లాగే ఆడాం, ఆయన అటు, నేను ఇటు.

స్నానం అయింది, ఓణీ ఇచ్చారు, చుట్టాలంతా భోంచేసి వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం నేనే వైర్లు తగిలించి నాన్నని పిలిచాను. "నువ్వాడుకో అమ్మా, నాకు పనుంది" అన్నాడు. మర్నాడూ అదే మాట. పనేమీ లేదు, వీధి అరుగు మీద ఊరికే కూర్చునేవాడు. నేను లోపలికి వస్తే ఆయన బయటికి వెళ్ళేవాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నాయనమ్మని నిలదీశాను. "నాన్నని నాతో ఆడొద్దని నువ్వే చెప్పావు కదూ?"

ఆవిడ తమలపాకుకి సున్నం రాస్తూ నా వంక చూసింది. "ఆఁ, నేనే చెప్పాన్లే. పోయి అన్నం తిను."

ఆ రోజునుంచి ఆవిడంటే నాకు పడలేదు. కాళ్ళు పట్టమంటే విననట్టు పోయేదాన్ని. నేను గుంటూరు బ్రాడీపేటలో హాస్టల్లో ఉండి ఎంసెట్ కోచింగ్ తీసుకునే రోజుల్లో ఆవిడ పోయింది. వెళ్ళాను, అందరితోపాటు ఏడ్చాను, కానీ ఆ కోపం మనసులోంచి పోలేదు.

ఆట మాత్రం నేను మానలేదు. బ్రాడీపేట నెట్ సెంటర్లో అబ్బాయిలు తలలు తిప్పి చూసినా ఆడాను. మంగళగిరిలో ఉద్యోగం వచ్చాక నా జీతంతో కంప్యూటర్ కొన్నాను. ఆఫీసునుంచి రాగానే అన్నం కూడా తినకుండా దాని ముందు కూర్చునేదాన్ని. ఆడుతుంటే ఒళ్ళు తేలికయ్యేది, కానీ పక్క కుర్చీ ఖాళీగా ఉండేది.

ఒక ఆదివారం నాన్న వచ్చాడు. నేను ఇద్దరాడే కార్ల పందెం పెట్టి రమ్మన్నాను. గోడవారనే నిలబడి, "నువ్వాడమ్మా, నేను చూస్తా" అన్నాడు. అన్నేళ్ళ కోపం ఒక్కసారి తన్నుకొచ్చింది.

"అప్పుడంటే నాయనమ్మ వద్దంది, సరే. ఇప్పుడెవరు వద్దన్నారు నాన్నా? నేనేం తప్పు చేశాను?"

ఆయన తెల్లబోయాడు. "మీ నాయనమ్మ ఎందుకు వద్దంటదమ్మా? ఆవిడ రోజూ తిట్టేది నన్ను. పిల్ల మొహం చిన్నబోయింది, పోయి ఆడుకోరా సన్నాసీ అని. నాకే… ఓణీ ఏసుకున్న ఆడపిల్ల పక్కన ఎట్టా కూర్చోవాలో తెలవలా. మా నాన్న మా అక్క పక్కన ఏనాడూ కూర్చోలా. ఇట్టాంటిది ఎవర్ని అడగను?"

నేనే పక్క కుర్చీ ఆయనకోసం లాగాను. ఆయన వచ్చి కూర్చుని, ఏది నొక్కాలని అడిగాడు. చూపించాను. ఎప్పటిలాగే ఘోరంగా ఆడాడు, గుడ్డి అదృష్టంతో నా మీద గెలిచాడు కూడా. చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. నేను ఆయన వంక తిరగలేదు. కొడుకు పరువు పోకుండా నా కోపం తన మీద వేసుకుని, కాళ్ళు నొప్పులని మూలుగుతూ పడుకున్న నాయనమ్మే కళ్ళముందు ఉంది.