జడ్సన్ గారి మేలుకొలుపు

"మెర్లిన్ ఆ బటన్ నొక్కిందంటే మనం మళ్ళీ ఇల్లు వెతుక్కోవాల్సిందే!"

అల్లూరులో అద్దెకు దిగినప్పటినుంచీ ఫేబీ తన భర్త తిమోతితో రోజుకు నాలుగుసార్లు అంటున్న మాట ఇది. మెర్లిన్ వాళ్ళ పది నెలల కూతురు. బటన్ ఇంటాయన జడ్సన్ గారి కంప్యూటరును ఆన్, ఆఫ్ చేసేది. పాప అల్లరి పడలేక నెల్లూరులో ఒకరు, కొడవలూరులో ఒకరు ఇప్పటికే ఇల్లు ఖాళీ చేయించారు. మూడోసారి సామాను కట్టే ఓపిక ఫేబీకి లేదు.

ఇక జడ్సన్ గారి తిక్క. ఆయన చచ్చినా ఆ బటన్ మీద వేలు పెట్టరు. కంప్యూటరును ఫోన్‌లోంచే నిద్రలేపుతారు. మంగలి కుర్చీలో సగం గడ్డంతో లేపారు. రొయ్యల గుంట గట్టు మీద నిలబడి లేపారు. చర్చిలో పాస్టరు గారి ప్రార్థన మొదలవగానే లేపితే, "ఆమేన్" అనేసరికి అది సిద్ధంగా ఉండేది.

లేపడంతో అయిపోదు. ఆ ఒక్క కంప్యూటరులో మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌ల చేత కాపురం పెట్టించారాయన. చర్చి పాటలు టైపు చేయడానికి కొత్త విండోస్, సొంత సరదాకు లైనక్స్, గుంటల నీళ్ళు పరీక్షించే మిషన్‌కు పాత విండోస్. ఆ మిషన్ మిగతా రెండింటి మొహం చూడదు. ఏది కావాలో ఫోన్‌లో ఎంచుకుని 'లే' అని నొక్కితే, అదే కళ్ళు తెరుస్తుంది.

ఒకరోజు కంప్యూటరు ముందే కూర్చుని ఉండగా ఆయన ఫోన్ ఆరిపోయింది.

"వేలుతో నొక్కితే వేలు అరిగిపోతుందా ఏందయ్యా?" అంది భార్య డెబోరా.

"ఉండబ్బా, ఫోన్‌కి ఛార్జింగ్ ఎక్కనీ."

"మూరెడు దూరంలో ఉండాది గదా!"

"మూరెడైతే ఏంది, ఆమడైతే ఏంది? పద్ధతంటే పద్ధతే."

ఇరవై నిమిషాలు ఫోన్‌కు ఛార్జింగ్ పెట్టి, అప్పుడు మూరెడు దూరంలోని దాన్ని లేపారు.

"రెండు నెలల ముందు, మీరు దిగిందాకా బాగానే ఉండె ఈ మనిషి," అని డెబోరా ఫేబీ దగ్గర వాపోయింది. ఫిజిక్స్‌లో ఎమ్మెస్సీ చేసిన ఫేబీకి కంప్యూటరు అర్థమైంది కానీ, ఆయన అర్థం కాలేదు.

ఒక మధ్యాహ్నం రొయ్యల రైతు వెంకయ్య నీళ్ళ సీసాతో పరుగెత్తుకొచ్చాడు.

"గుంటలో గాలి కొట్టే ఏరేటర్లు తిప్పతానే ఉండా సారూ, అయినా రొయ్యలన్నీ పైకి తేలతా ఉండాయి. నీళ్ళల్లో ఏముందో చూడండి!"

కంగారులో జడ్సన్ గారు లైనక్స్‌ను లేపారు.

"రొయ్యలు చస్తా ఉంటే నీకు లైనక్సేందయ్యా!" అని డెబోరా అరిచింది.

దాన్ని పడుకోబెట్టి, పాత విండోస్‌ను లేపారు. మిషన్ చదవడం మొదలుపెట్టింది. వెంకయ్య తెరకేసి చూస్తున్నాడు.

సరిగ్గా అప్పుడే మెర్లిన్ రెండు వాటాల నడిమి తలుపు దాటి పాకుతూ వచ్చి, బటన్ నొక్కింది.

"అయిపోయింది!" అని కేక వేసింది వెనకే పరుగెత్తుకొచ్చిన ఫేబీ.

ఏమీ కాలేదు. బటన్ మీద పచ్చ లైటు మాత్రం వెలిగింది. మెర్లిన్ కిలకిలా నవ్వి మళ్ళీ నొక్కింది. మళ్ళీ పచ్చ లైటు. పాప పదోసారి నొక్కేసరికి మిషన్ తాపీగా అమోనియా లెక్క చూపించింది. "సగం నీళ్ళు మార్చు, మేత ఆపు," అని జడ్సన్ గారు చెప్పగానే వెంకయ్య ఉరికాడు.

ఫేబీ వంగి కంప్యూటరు డబ్బాలోకి చూసింది. "సార్, ఈ బటన్‌కీ కంప్యూటరుకీ సంబంధమే లేదే!"

జడ్సన్ గారు దొంగలా దొరికిపోయారు. "మీరొచ్చిన రెండో రోజే నొక్కేసిందమ్మా. రెండు గంటల పని పోయె. అందుకని వైరు పీకి ఉత్త లైటుకి కలిపినా. ఆడుకోనీ."

"మరి నాతో చెప్పలేదే?"

"చెప్తే నువ్వు బిడ్డని మంచానికి కట్టేసుంటావు."

"నాకన్నా చెప్పొచ్చు గదయ్యా!" అంది డెబోరా.

"నీకు చెప్తే సాయంత్రానికి అల్లూరంతా చెప్పేదానివి." ఆయన ఫేబీ వైపు తిరిగారు. "వద్దు వద్దని వందసార్లు అరవబాకమ్మా. ఒక్కసారి వైరు పీకెయ్."

మొన్న మెర్లిన్ కన్ను మిక్సీ మీద పడింది. ఫేబీ అరవబోయి ఆగింది. జార్ తీసేసి, ప్లగ్గు పీకి, మిక్సీని పాప ముందే పెట్టింది. పాప మీట తిప్పుతూ ఉంటే తను పక్కన కూర్చుని కాఫీ తాగింది, పది నెలల్లో మొదటిసారి వేడివేడిగా.