కళ్ళంలో కుర్చీ

నాకు రాయడం రాదు. సంతకం వచ్చు, బస్సు బోర్డు మీద ఊరి పేరు కూడబలుక్కుని చదవడం వచ్చు. నేను చెబుతుంటే రాస్తున్నది నా పెద్ద కూతురు. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను, దాని గురించి చెప్పేటప్పుడు కూడా.

నా నడుం పోయి నాలుగేళ్ళు. పత్తి తీతల కాలంలో, వానకి నానిన గట్టు మీద మూట నెత్తిన పెట్టుకుని వస్తూ జారిపడ్డాను. పత్తి తడవకూడదని మూటని పట్టుకున్నాను గాని నన్ను నేను పట్టుకోలేదు. అప్పటికే నా పెనిమిటి పోయి రెండేళ్ళు. మార్టూరు వైపు రాళ్ళు కోసే పనికి పోయేవాడు, ఆ పొడి ఊపిరితిత్తులకి పట్టింది. మిగిలింది నేను, ఇద్దరు ఆడపిల్లలు. డాక్టరు ఫోటో తీయించి, డిస్కు జరిగిందమ్మా అన్నాడు. నడుముకి బెల్టు ఇచ్చాడు. నేల మీద కూర్చోవద్దు, వంగొద్దు, బరువులెత్తొద్దు అన్నాడు. ఆ మూడూ తీసేస్తే నాకు ఇంకేం పని మిగులుతుందో మాత్రం చెప్పలేదు.

మా పని మిరపకాయలకి తొడిమలు తీయడం. మాఘమాసం నుంచి ఎండలు ముదిరేదాకా కళ్ళాల్లో అదే. నేల మీద పట్టా పరిచి, కాయలు రాశి పోసి, చుట్టూ ఆడవాళ్ళం బాసింపట్టు వేసుకుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా గిల్లుతూనే ఉంటాం. ముఠాలో ఒక్కొక్కరికి ఒక చోటు. వరసగా నాలుగు రోజులు రాకపోతే ఆ చోటు ఇంకొకరిది. ఇంట్లో మనిషి బదులు వస్తే మాత్రం పోదు. ఎవరూ రాసిపెట్టలేదు, అందరికీ తెలిసిందే.

నొప్పి ఉన్నా చెప్పేదాన్ని కాదు, పిల్లలు బెంగపడతారని. "ఎట్టా ఉందమ్మా?" అంటే "బాగానే ఉందే" అనేదాన్ని. లేచేటప్పుడు అరుపు బయటికి రాకుండా కొంగు పళ్ళతో కరిచిపట్టేదాన్ని. వాళ్ళకి తెలియదనుకున్నాను. ఒకరోజు చిన్నది, అప్పుడు మూడో తరగతి, పక్కింటి పిల్లలతో అమ్మా నాన్న ఆట ఆడుతోంది. దానికి అమ్మ వేషం ఇచ్చారు. అది ఒక చెయ్యి గోడకి ఆనించి, ఒక చెయ్యి నడుం మీద పెట్టి, గౌను అంచు పళ్ళ మధ్య కరిచి, మెల్లగా లేచింది. "ఏందే ఆ లేవడం?" అని పక్కింటి పిల్ల నవ్వింది. "అమ్మలు ఇట్టాగే లేస్తారు" అంది ఇది. నేనూ నవ్వాను. నవ్వి పొయ్యి దగ్గరికి పోయాను.

కిందటేడు మిరప పని మొదలైన వారానికే మంచాన పడ్డాను. నడుం నుంచి మడమ దాకా తీగ పెట్టి లాగినట్టు ఉండేది. పెద్దది అప్పుడు తొమ్మిదో తరగతి. పొద్దున్నే వంట చేసి, నా పక్కన మంచినీళ్ళు పెట్టి, యూనిఫారం వేసుకుని, చెల్లెల్ని బడిలో దింపుతానని బయలుదేరేది. సాయంత్రం వచ్చి నా నడుముకి మందు రాసేది. బడి నుంచి ఫోనుకి మెసేజీలు వస్తే అదే చదివి చెప్పేది. "రేపు నోట్సు తెచ్చుకోమన్నారు", "ఎల్లుండి సెలవంట". మా ముఠా పెద్ద, రోజూ మమ్మల్ని ఆటోలో కళ్ళానికి తీసుకుపోయే మనిషి, వరసకి నాకు వదిన. నీ చోటు ఎక్కడికీ పోదు, పడుకో అని కబురు పంపింది. శనివారం సరుకులు కూడా పంపింది. నోరు చెడ్డదైనా మనసు మంచిది అనుకున్నాను.

ఒక సాయంత్రం మందు సీసా అయిపోయింది. పెద్దది కొబ్బరినూనె రాసింది. కాసేపటికి నడుమంతా సెగ. ఇంకాసేపటికి నిప్పులు పోసినట్టు. ఇన్నాళ్ళూ మందు మంటలో కలిసిపోయి తెలియలేదు. నూనె ఎక్కడన్నా మండుతుందా? ఇది ఇరవై ఏళ్ళుగా నా వేళ్ళలో ఉన్న మంట.

"చేతులు ఇటు చూపించు."

"ఎందుకమ్మా?"

"చూపించవే!"

బొటనవేలి గోరు పక్కన చర్మం చీలి ఎర్రగా ఉంది. మిరప ఘాటు సబ్బుకి పోదు, నూనె పట్టించి మజ్జిగతో కడగాలి. కళ్ళంలో ఆడవాళ్ళు చెప్పారట కూడా. చేతులు మజ్జిగ వాసన వస్తే అమ్మ పసిగడుతుందని ఇది రోజూ సబ్బుతోనే తోముకుంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"పదకొండు రోజులు."

బడి సంచిలో పుస్తకాల కింద నా పాత చొక్కా ఉంది, పనిలో చీర మీద వేసుకునేది.

కొట్టడానికి చెయ్యెత్తాను. నడుం తిరగలేదు. అది మంచం దగ్గరికి జరిగి, చెంప నా చేతికి అందేటట్టు మోకాళ్ళ మీద కూర్చుంది.

"కొట్టు గానీ వంగబాకమ్మా" అంది.

చెయ్యి దింపేశాను.

"నాకెందుకే అబద్ధం చెప్పావు?"

"నువ్వు నొప్పి లేదని చెప్పట్లా? నేను బడికి పోతున్నానని చెప్పా."

గుమ్మంలో నిలబడి వింటున్న చిన్నది అప్పుడు నోరు విప్పింది. "నాకు చెవి నొప్పమ్మా. అమ్మకి చెప్పబాక, అమ్మకి చాలా నొప్పులున్నాయి అని అక్క దూది పెట్టింది." ఆ దూది తీసి చూస్తే పసుప్పచ్చగా ఉంది. నా నొప్పి నాలోనే దాచుకున్నానని మూడేళ్ళు మురిసిపోయాను.

మర్నాడు చిన్నదాన్ని డాక్టరుకి చూపించమని పక్కింటి పిన్నికి అప్పజెప్పాను. బెల్టు బిగించి, పెద్దదాన్ని వెంటబెట్టుకుని, దారిలో రెండు చోట్ల ఆగి బడికి పోయాను. ఉన్నదున్నట్టు చెప్పాను. "మెసేజీలు పెట్టామమ్మా" అంది టీచరమ్మ. "ఇక నుంచి నోటితో చెప్పండమ్మా, నాకు చెవులు బాగానే ఉన్నాయి" అన్నాను. పిల్ల తరగతిలోకి పోయేదాకా చూసి, ఇంటికొచ్చి, ఉన్న ఒక్క ప్లాస్టిక్ కుర్చీ ఆటోలో వేయించుకుని కళ్ళానికి పోయాను.

వదిన నోరు తెరిచింది. "ఏందమ్మే, కుర్చీతో వచ్చావు? పెళ్ళిచూపులా?"

"నా చోట్లో నా బిడ్డని ఎందుకు కూర్చోబెట్టావు వదినా?"

"నేను పిలిచానా? మూడు రోజులు నా ఆటో వెనక పరిగెత్తింది. మా అమ్మ చోటు తీసెయ్యబాక అత్తా అని ఒకటే ఏడుపు. నేను మాత్రం రాయినా?"

"చోటు నాది. నేనే కూర్చుంటా, దీని మీద."

గొల్లున నవ్వారు. "కింద కాయల్ని గాలమేసి లాగుతావా?" అంది ఒకామె. మిరప బస్తాల్ని మేం టిక్కీలంటాం. నిండు టిక్కీలు రెండు ఒకదాని మీద ఒకటి వేయించి, పైన పట్టా పరిచి, కాయలు దాని మీద పోయమన్నాను. వదినకి ఒళ్ళు మండింది. మేం రాశి దగ్గరికి చెప్పులతో కూడా పోం.

"రాశంటే లక్ష్మే! లక్ష్మి ముందు ఎత్తు మీద కూర్చుంటావా? రైతు చూస్తే ఊరుకుంటాడా?"

"లక్ష్మి మాత్రం నేల మీద కూర్చుందా వదినా? ఏ పటంలో చూసినా తామరపువ్వు మీదే. ఆవిడకీ నడుం నొప్పేమో, పాపం."

వదిన నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకుంది. "ఈ ఒక్క రోజే" అంది.

"ఇంకోమాట. నా పిల్ల మళ్ళీ నీ ఆటో ఎక్కిందంటే చక్రాల ముందు పడుకుంటా. నడుం ఎట్టాగూ పోయింది."

ఆ రోజు సగం పనే అయ్యింది. కాసేపు కూర్చుని, కాసేపు నిలబడి చేశాను. మర్నాడు కుర్చీ మళ్ళీ తెచ్చాను. మూడో రోజు రైతు వచ్చాడు. నా ముందున్న కాయలు రెండు తీసి, తొడిమ శుభ్రంగా పోయిందో లేదో చూసి, తలూపి పోయాడు. పదో రోజున మాలో పెద్దామె, మోకాళ్ళు మడత పడని మనిషి, "ఒక్క ఘడియ నీ కుర్చీ ఇయ్యవే" అంది. ఈ ఏడు మా కళ్ళంలో మూడు కుర్చీలున్నాయి. ఒకటి వదినదే.

నొప్పి తగ్గలేదు. తగ్గుతుందని డాక్టరూ అనలేదు. ఇంట్లో అబద్ధాలు మాత్రం మానేశాం. పొద్దున్నే చిన్నది "ఇవాళ ఎంతమ్మా?" అంటుంది. "అర టిక్కీ" అంటాను. చెడ్డరోజైతే "నిండు టిక్కీ". నిండు టిక్కీ రోజున నీళ్ళు వాళ్ళే మోస్తారు, నేను వద్దనను. బడి మానడం మాత్రం ఎన్ని టిక్కీలైనా లేదు.

పెద్దది ఇప్పుడు పదో తరగతి. "కొట్టడానికి చెయ్యెత్తిన సంగతి తీసేద్దామమ్మా" అంటోంది. ఉండనీ అన్నాను. అదిగో, ఆటో హారను. కుర్చీ ఆటో దాకా మోస్తానంటుంది, మోయనిస్తాను. అక్కడి నుంచి నా వెంట ఒక్క అడుగు కూడా వేయనివ్వను. దాని బడి అటువైపు.