అటక మీది కురిడీలు, ఏసీ గొట్టం

2004 వేసవి. అంబాజీపేటలో ఫ్రిజ్‌లు, ఏసీలు బాగుచేసే పని నాది. చక్రాల మీద గదిలో ఎక్కడికైనా తోసుకుపోయే పోర్టబుల్ ఏసీ అప్పటికి మా వైపు కొత్త. కొబ్బరి వ్యాపారి సత్తిరాజు గారికి తమ్ముడు కువైట్ నుంచి ఒకటి తెచ్చి ఇచ్చాడు. ఆ తర్వాత వచ్చిన కరెంటు బిల్లు చూసి ఆయన గుండె గుభేలుమంది. కబురొస్తే వెళ్లాను.

గుమ్మం ముందు రిక్షాలో కుట్టుమిషను, రెండు మూటలు ఉన్నాయి. పెరటి వాటాలో అద్దెకుండే వరలక్ష్మి, జాకెట్లు కుట్టుకుని బతికే మనిషి, గోడవారన నిలబడి ఏడుపు ఆపుకుంటోంది.

"మా మీటరు మీదే ఒక బల్బు, ఒక ఫ్యాను అని ఒప్పుకుందండి. చాటుగా హీటరు పెడుతోంది. దొంగ కరెంటు!" అన్నారు సత్తిరాజు గారు వీధంతా వినేలా. "ఖాళీ చెయ్యమన్నాను. మీరు ఏసీ బాగుందని ఒక్క మాట చెప్పండి, చాలు."

నాకు ఒళ్లు మండింది. రిపేరుకి కాదు, సాక్ష్యానికి పిలిచారన్నమాట.

"ఇల్లు పోతే ఇంకోటి చూసుకుంటానండి," అంది వరలక్ష్మి నాతో. "దొంగన్న పేరొస్తే నా చేతికి జాకెట్టు ముక్క ఎవరిస్తారు?"

క్లాంప్ మీటరు తీశాను. తీగ తెంపకుండానే అందులో ఎంత కరెంటు పోతోందో చెప్పే పనిముట్టు అది. ఆమె వాటా తీగలో పోయేది దాదాపు ఏమీ లేదు. సత్తిరాజు గారు నవ్వేరు. "మీరొస్తున్నారని హీటరు తీసేసుంటుందండి."

ఏసీ చూశాను. గ్యాసు బాగుంది, చల్లగాలి వస్తోంది. నిజం చెబితే ఆమెను దొంగను చేసినట్టే. అప్పుడు పట్టింది నా చెవికి, కంప్రెసర్ మోత. గది చల్లబడగానే థర్మోస్టాట్ కంప్రెసర్‌ని ఆపేయాలి. ఆగితేనే మీటరు నెమ్మదిస్తుంది. ఇది ఆగడమే లేదు. పైగా యూనిట్లు పెరిగేకొద్దీ యూనిట్ రేటు కూడా పెరుగుతుంది.

"వేడిగాలి బయటికి తోసే గొట్టం ఎటు పెట్టేరండీ?"

"అటక మీదకండి. కాయలు ఎండబెట్టేది అక్కడే. వేడి ఊరికే పోనివ్వడం దేనికని," అంటూ ఆయన ఒక కురిడీ కాయ తెచ్చి నా చెవి దగ్గర ఆడించేరు. కాయ లోపల కొబ్బరి ఎండి గలగలలాడింది. "నెలలు పట్టేది, అప్పుడే ఎండింది. చూసేరా!"

ఆయన ముఖంలో ఎంత గర్వమో. నేను నిచ్చెనేసుకుని ఎక్కి అటక చెక్కల సందుల్లో చెయ్యి పెట్టాను. వేడిగాలి గదిలోకే దిగుతోంది. ఏసీ తోసేసిన వేడిని మళ్లీ ఏసీయే మింగుతూ ఒక్క క్షణం ఆగకుండా తిరుగుతోంది.

గొట్టం లాగి కిటికీలోంచి బయటికి పెట్టాను, చుట్టూ సందులు గుడ్డలతో మూశాను. వరలక్ష్మి కూడా లోపలికొచ్చింది. ముగ్గురం కంప్రెసర్ మోత వింటూ కూర్చున్నాం. బయట రిక్షావాడు గంట కొడుతున్నాడు. కంప్రెసర్ ఆగకపోతే నా మాటకి విలువ లేదు, ఆమెకి దారి లేదు. నా చొక్కా తడిసిపోయింది.

టక్. కంప్రెసర్ ఆగింది.

"మీ కాయలు ఎండబెట్టింది మీ కరెంటేనండి. బిల్లు పెంచింది ఈవిడ కాదు," అన్నాను.

సత్తిరాజు గారు ఆ కురిడీని చేతిలో అటూ ఇటూ తిప్పేరు. "పొరపాటైందమ్మా. సామాను దింపించుకో," అన్నారు మెల్లిగా.

"లోపల చెబితే చాలదండి బాబాయిగారూ," అంది వరలక్ష్మి. "వీధిలో అన్నారు. వీధిలోనే చెప్పండి."

ఆయన నా వైపు చూసేరు. నేను సంచి సర్దుకోకుండా అలాగే కూర్చున్నాను. చివరికి లేచి అరుగు మీదకి వెళ్లి, ఎదురింటివాళ్లు వింటుండగా, "తప్పు మాదేనండి. వరలక్ష్మి దొంగ కరెంటు వాడలేదు," అన్నారు.

"ఆయ్, ఇప్పుడు వెళ్తానండి," అని ఆమె రిక్షా ఎక్కింది. ఆయన ఎంత బతిమాలినా దిగలేదు.

బిల్లు ఎక్కువొచ్చిందని ఎవరు పిలిచినా ముందు వేడి ఎటు పోతోందో చూడడం ఆనాటి నుంచి అలవాటు. నింద ఎవరి మీద పడిందో కూడా అడుగుతాను. ఆ నింద పోయాకే సంచి సర్దుకుంటాను.