చిన్నమ్మ చేతి ముడతలు

చిన్నమ్మ పోయిందని విరుదునగర్ నుంచి మామ ఫోన్ చేశాడు. ఆమె మా అమ్మకు చెల్లెలు, మామకు అక్క, కోవిల్‌పట్టి బడిలో నాకు బయాలజీ టీచరు. చూడవచ్చినవాళ్ళు "కల్యాణ సావు, ఏడ్చే పని లేదు, పండు ముసిలిదానిగా పొయింది" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆమెకు యాభై రెండేళ్ళే.

పుట్టుకతోనే ఆమె చర్మం వదులు, ఎముకలు పెళుసు. ముప్పై ఏళ్ళకే బస్సులో "పాట్టీ, ఉక్కారుంగ" అంటూ అవ్వకు ఇచ్చినట్టు లేచి సీటు ఇచ్చేవారు. హాయిగా కూర్చుని, "వొయిసు సెప్పేది మన పని కాదు పిల్లా" అని నాకు కన్నుగీటేది.

తొంభైలలో ఆమె చెప్పిన గోల్జీ పాఠం ఇప్పటికీ మరిచిపోలేదు. మా క్లాసులో సగంమంది అమ్మలు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీకి పోయేవారు. పుల్లలు పెట్టెలో పేర్చి, లేబుల్ అంటించి పంపితేనే కదా కొట్టుకు చేరేది. కణంలో ప్రొటీన్లకు ఆ ప్యాకింగ్ సెక్షనే గోల్జీ అంది.

రెండువేల దశకం చివర మదురై డాక్టరు ఆమె జబ్బుకు పేరు చెప్పాడు. గోల్జీలో పనిచేసే ప్రొటీన్‌కు గోరాబ్ అనే జీన్ ఆధారమట, అందులో లోపమట. "నా వొంట్ల ప్యాకింగ్ సెక్షన్ల ఒక ఆళు లీవు, అంతే!" అని నవ్వింది.

కానీ ఇంటికి రాగానే నవ్వు ఆపింది. అక్క కూతురు తమ్ముడికే అన్నది మా వాడుక. నాకూ మామకూ ముహూర్తం పెట్టేశారు.

"అమ్మకు నాయిన సొంత మామే కదా. ఇద్దరిలోనూ దాగిన లోపం నాలో కలిసింది. రేపు వీళ్ళ బిడ్డకూ అట్ల కావచ్చు. ఈ పెళ్ళి వద్దు."

గ్రహణం నాడు కత్తిపీట ముట్టినందుకే బిడ్డ ఇట్లా పుట్టిందని అన్నాళ్ళూ కుమిలిన అమ్మమ్మ, "నా కడుపునే తప్పు పడ్తివే!" అని ఏడ్చింది.

"నీ తప్పు ఏమీ లేదుమా. గ్రహణం తప్పూ లేదు. నేను బాగనే బతుకుతుండాను. అయితే ఎముక ఇరిగే నొప్పి నాకు తెలుసు. తెలిసీ ఇంకో బిడ్డకు ఇయ్యలేను."

మామే ముందు లేచి "అక్క సెప్పిందే సరి" అన్నాడు. మామంటే నాకు ఇష్టం, వారం రోజులు ఏడ్చాను. తర్వాత ఇద్దరికీ బయటి సంబంధాలే కుదిరాయి. ఆ ఒక్క మాటకు నేను జీవితాంతం ఆమెకు రుణపడ్డాను.

మా పిల్లలు వస్తే చిన్నమ్మ చేతులు చాచి "ఇస్త్రీ పెట్టండిరా" అనేది. ఆమె పోయిన రోజు మామ కొడుకు ఒకవైపు, నా కూతురు ఒకవైపు కూర్చుని, ఎవరూ చెప్పకుండానే, ఆ చేతుల ముడతలు మెల్లగా సాపు చేస్తూ ఉండిపోయారు.