గిరాల్ తిన్న నలభై రోజులు

గిరాల్ ఏం పని చేసేవాడని మా లర్జాక్ మెట్ట మీద ఎవరినడిగినా ఒకటే మాట చెబుతారు: తినేవాడు. వినడానికి వెటకారంలా ఉంటుంది కానీ వెటకారం కాదు. అతను పోయినవాళ్ల తరఫున తినేవాడు. ఆ పని అంత శ్రద్ధగా చేసిన మనిషి మా మెట్ట మీద మళ్లీ పుట్టలేదు.

అసలతను గొర్రెల కాపరి. టెంప్లర్లంటే సముద్రం దాటి ప్రభువు పుట్టిన పుణ్యభూమి కోసం యుద్ధాలు చేసే సన్యాసి దొరలు; వాళ్ల కోటకున్న గొర్రెల్లో మూడు వందలు అతని చేతికింద ఉండేవి. ఒక చలికాలం మంచులో జారి రాళ్ల మధ్య పడ్డాడు. అప్పుడే కొత్తగా కోటలో చేరిన ఇసార్న్ అనే కుర్ర దొర అతన్ని చూసి, గుర్రం మీద తన వెనకాల కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాడు. టెంప్లర్ల ముద్ర మీద ఒకే గుర్రమెక్కిన ఇద్దరి బొమ్మ ఉంటుంది కదా, అది కనబడినప్పుడల్లా గిరాల్ "ఆ వెనకున్నది నేనే" అనేవాడు. ప్రాణమైతే దక్కింది గానీ కాలు వంకరగా అతుక్కుంది. కుంటికాలితో గొర్రెల వెంట ఏం పరిగెడతాడు? పెళ్లాం అప్పటికే పోయింది, పిల్లల్లేరు. కోటగోడకు ఆనుకుని ఒక రాతి గుడిసె వేసుకున్నాడు. ఊరివాళ్లు రొట్టెముక్క ఇస్తే పుచ్చుకునేవాడు, కానీ పుచ్చుకునేటప్పుడు తల ఎత్తేవాడు కాదు.

ఆ కోటలో ఒక నియమం ఉండేది. ఎర్ర సిలువ కుట్టిన తెల్లంగీ సోదరుల్లో ఎవరైనా కన్నుమూస్తే, అతని భోజనం నలభై రోజుల పాటు ఒక పేదవాడికి పెట్టాలి. బతికుంటే అతనికి ఏం వడ్డించేవారో అదే, మాంసం, రొట్టె, ద్రాక్షారసం, అన్నీ, అతను కూర్చునే చోటనే. తిన్నవాడు పోయినవాడి ఆత్మ కోసం రోజూ ప్రార్థించాలి. ఒక్కరోజు కూడా తప్పకూడదు. ముసలి బెరెంగ్యేర్ దొర పోయినప్పుడు, గోడ పక్కనే ఉన్నాడు కదా అని గిరాల్ని పిలిచారు. ఆ నలభై రోజులూ గిరాల్ తలెత్తుకు తిరిగాడు. ఎందుకంటే ఇది బిచ్చం కాదు, పని! ఇక అప్పట్నుంచి ఆ పని అతనిదే అయింది.

ఇరవై ఏళ్లలో ఏడుగురి కోసం తిన్నాడు. తినేసి మూతి తుడుచుకుని పోయే రకం కాదు. పోయినాయన ఎలాంటివాడో తెలియకపోతే దేవుడికి ఏమని చెప్పుకునేది అంటూ వంటవాణ్ణీ గుర్రాలు చూసేవాణ్ణీ పీక్కుతినేవాడు. అలా వాళ్ల కథలన్నీ అతని నోటికొచ్చాయి. ఒక దొర ఎడారిలో తన వంతు నీళ్లు గుర్రానికి తాగించి, తను గులకరాయి చప్పరించాడట. ఇంకో దొర సముద్రం మొహమే చూడలేదు. ముప్పై ఏళ్లు కోటలోనే ఉన్ని తూకం వేశాడు. ఈయన కథ కూడా గిరాల్ అంతే గౌరవంగా చెప్పేవాడు. ఊరి పొయ్యి దగ్గర రొట్టెలు కాల్చే ఐగ్లీనాకు మాత్రం ఇవేవీ ఆనేవి కావు.

"ఏం మావా, బుగ్గలు నిండాయి! ఈసారి ఎవరు పోయారేంటి?" అనేది. "లోపల బంగారు తలకాయొకటి దాచారంటగా, మాట్లాడుద్దంటగా, చూశావా?"

"బంగారు తలకాయా లేదు, నీ తలకాయా లేదు. జున్ను గదిలో పురుగులు చూశా. కావాలంటే నాలుగు పట్టుకొస్తా."

"నీ దుంపతెగ! ఇన్నేళ్లు లోపల తిని పురుగుల కబురా తెచ్చేది?"

ఎనిమిదో చావు కబురు మార్సెయ్ రేవు నుంచి వచ్చింది. పోయింది ఇసార్న్ దొర. పుణ్యభూమిలో పన్నెండేళ్లు యుద్ధాలు చేసి ఇంటిదారి పట్టి, ఆ రేవులో జ్వరంతో పోయాడని గుర్రాల వర్తకుడొకడు చెప్పాడు. గిరాల్ చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు. మర్నాటి నుంచి ఇసార్న్ చోట కూర్చుని తిన్నాడు. ఏనాడూ అంత గట్టిగా ప్రార్థించలేదు.

ఇరవై ఆరో రోజు మధ్యాహ్నం అందరూ భోజనానికి కూర్చున్నారు. అక్కడ తినేటప్పుడు ఎవరూ మాట్లాడకూడదు. ఒక సోదరుడు గ్రంథం చదువుతుంటే మిగతావాళ్లు వింటూ తినాలి. తలుపు తెరుచుకుంది. గడప మీద ఇసార్న్ నిలబడి ఉన్నాడు! సగం చిక్కిపోయాడు, జుట్టు రాలిపోయింది, చేతిలో కర్ర. అందరి నోళ్లూ తెరుచుకున్నాయి గానీ ఒక్కడూ పెదవి కదపలేదు. చదివే సోదరుడు మాత్రం ఒకే వాక్యాన్ని మూడుసార్లు చదివాడు.

గిరాల్ చెంచా కింద పెట్టేశాడు. బతికున్నవాడి కూడు ఇన్నాళ్లూ తిన్నానా అని అతనికి ఒళ్లంతా సిగ్గుతో కాలిపోయింది. కుంటికాలు ఈడ్చుకుంటూ లేవబోయాడు. ఇసార్న్ వచ్చి అతని భుజం నొక్కి కూర్చోబెట్టాడు. పక్కనే బల్ల మీద ఇరుక్కుని కూర్చున్నాడు. టెంప్లర్లు ఇద్దరికొక గిన్నె చొప్పున తింటారు. ఇసార్న్ గిన్నెను ఇద్దరి మధ్యకూ జరిపి, నడుముకున్న చెంచా తీసి, ఆకలిగా తినసాగాడు.

భోజనమయ్యాక అందరూ వాకిట్లోకి వచ్చి ఇసార్న్‌ని కావలించుకున్నారు. కోట పెద్ద పొన్స్ నియమం విషయంలో వెంట్రుకవాసి కూడా అటూ ఇటూ కాని మనిషి. "సంతోషం ఇసార్న్, బతికొచ్చావు. మరి నియమం పోయినవాళ్లకే కదా, ఇక్కడెవరూ పోలేదు. రేపట్నుంచి గిరాల్ రానక్కర్లేదు. ఇన్నాళ్లూ తిన్నది ధర్మం కింద అనుకుందాం."

ధర్మం! ఆ మాటకు గిరాల్ తల వాలిపోయింది.

"ధర్మమేంటి పెద్దయ్యా?" అన్నాడు ఇసార్న్. "రేవులో చాప మీద పడున్నప్పుడు, నా పేరు చెప్పి దండం పెట్టేవాడు లోకంలో ఒక్కడూ లేడనుకుని ఏడ్చా. ఇక్కడ ఈయన రోజూ పెట్టాడు. పనిచేసేవాణ్ణి సగంలో లేపుతారా? ఇరవై ఆరయ్యాయి, పద్నాలుగున్నాయి. నేను నిజంగా పోయాక ఆ పద్నాలుగూ గిరాలే తినాలి. ఇంకొకడు నా గిన్నె ముట్టడానికి వీల్లేదు."

పొన్స్ గడ్డం గీరుకుంటూ నియమాలన్నీ ఒక్కొక్కటే నెమరేసుకున్నాడు. దీన్ని కాదనే నియమమేదీ తట్టలేదు. "సరే, అలాగే కానీ," అన్నాడు.

"దొరా, నేను మీకంటే పాతికేళ్లు పెద్ద," అన్నాడు గిరాల్ మెల్లగా తల ఎత్తి. "మీరెప్పుడు పోతారా అని కాచుక్కూచోమంటారా?"

"కూచో. తొందరేముంది?"

వాకిలంతా గొల్లుమంది. పొన్స్ గడ్డం కూడా కదిలింది.

ఊళ్లో అప్పుడే కథ పుట్టేసింది. గిరాల్ మొదటి ముద్ద నోట్లో పెట్టిన పూటే మార్సెయ్‌లో దొరకి జ్వరం దిగిందని ఐగ్లీనా దారినపోయే ప్రతివాడికీ చెప్పింది.

"కాదే పిచ్చిమొహమా! దొరనడిగి లెక్కేశా. జ్వరం నాలుగు రోజులు ముందే దిగింది," అని గిరాల్ మొత్తుకునేవాడు.

"నాలుగు రోజులు దేవుడికో లెక్కా మావా?"

ఇప్పటికీ ఐగ్లీనా కథే చెప్పుకుంటారు మావాళ్లు. నిజం ఎవడికి కావాలి!

ఆ తర్వాత తొమ్మిదేళ్లు గిరాల్ హాయిగానే బతికాడు. మరో ఇద్దరి కోసం తిన్నాడు. చివరికి ఒక వసంతంలో మంచమెక్కాడు. ఆ కబురు తెలిసిన రోజు మధ్యాహ్నం ఇసార్న్ తన గిన్నె పట్టుకుని గుడిసెకు వచ్చాడు.

"మీరింకా పోలేదుగా దొరా?" అన్నాడు గిరాల్ కంగారుగా.

"నేనిప్పట్లో పోయేలా లేను. నువ్వే ముందు పోయేలా ఉన్నావు. పని మిగిల్చి పోతావా? లే, తిను."

గిరాల్ గోడకు చేరబడి కూర్చున్నాడు. గిన్నె మధ్యలో పెట్టుకుని ఇద్దరూ తిన్నారు. రోజూ అంతే. మొదట్లో గిరాల్ సగం తినేవాడు, రాను రాను రెండు చెంచాలే. తిన్నాక, ఎదురుగా నిక్షేపంలా కూర్చున్న మనిషి మొహంలోకి చూస్తూ, "ప్రభువా, ఇసార్న్ దొర ఆత్మకు శాంతినివ్వు," అనేవాడు. ఇసార్న్ బుద్ధిగా "ఆమెన్" అనేవాడు. గుమ్మంలో ఐగ్లీనా నవ్వలేక, ఏడవలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది.

పద్నాలుగో రోజు గిరాల్ గిన్నె అడుగు రొట్టెముక్కతో తనే తుడిచి తిన్నాడు. ప్రార్థన ఒక్క మాట కూడా మింగకుండా చెప్పాడు. తర్వాత తల ఎత్తాడు.

"నలభై అయ్యాయి దొరా," అన్నాడు. "ఇక మీరెప్పుడు పోయినా బెంగలేదు."