మావయ్య అమ్మని ధాన్యం

పొద్దున్న టీ తాగుతూనే మా మేనమావ ఒరిగిపోయాడట. "మీ మావ లేడమ్మా" అని అత్త ఫోన్ చేసి పెట్టేసింది. నేను భూసార పరీక్ష కేంద్రంలో పని చేస్తాను. బల్ల మీద ఎవరెవరివో మట్టి సంచులున్నాయి.

మావయ్యది చీపురుపల్లి దగ్గర చిన్న సాగు. ఎగువన ఉన్న లోహాల ఫ్యాక్టరీ మురుగు వానాకాలంలో గెడ్డలో, అంటే ఊరి వాగులో కలుస్తుంది. ఆ గెడ్డ నీళ్లే ఆయన మడికి. మూడేళ్లు వరి సరిగా దుబ్బు కట్టలేదు. ఆకు పసుపెక్కేది, వెన్నుల్లో సగం తాలు. జింకు చల్లాడు, విత్తనం మార్చాడు. చివరికి మట్టి మూట, కాస్త ధాన్యం పట్టుకుని బస్సులో నా దగ్గరికి వచ్చాడు. లోహాలు చూసే పరీక్ష మా దగ్గర లేదు, పెద్ద ల్యాబ్‌కి పంపాను.

ఫలితం నేనే చెప్పాల్సి వచ్చింది. మట్టిలో క్రోమియం, సీసం. గింజలోనూ సీసం.

"కడిగి వండుకుంటే పోదేటి?" అన్నాడు.

"పోదు మావా. వేరు తాగేసింది."

"మనం తినలేంది ఇంకొకలకి ఎలాగ అమ్ముతాను?" అని లేచాడు.

ఆ ఏడు పంట బస్తాలకెత్తి గదిలో పెట్టి తాళం వేశాడు. కొనడానికొచ్చిన వ్యాపారికి కారణం దాచకుండా చెప్పాడు. దాంతో పక్క మళ్ల ధాన్యం కూడా ఎవరూ అడగలేదు. వరసకు బావ అయ్యే పొరుగు రైతు ఆయన్ని వీధిలో నిలబెట్టాడు.

"నీ నోరు ఊరుకోదేటి? మా నోట్లో మట్టి కొట్టీసావు కదరా."

"ఇన్నాళ్లూ మనం తింటన్నది మట్టే కదా బావా," అన్నాడు మావయ్య. కోపంగా కాదు, అలిసిపోయి.

ఆ బావ మళ్లీ ఆయనతో మాట్లాడలేదు. ఫ్యాక్టరీ మీద మావయ్య అర్జీలు పెడితే ఎవరో వచ్చి ఫొటోలు తీసుకుని వెళ్లారు. ఆ బస్తాలు ఇప్పటికీ గదిలోనే ఉన్నాయి. వాటినేం చేయాలో నాకూ తెలియదు.

నిజం చెప్పి తప్పు చేశానా అని ఒకసారి మావయ్యనే అడిగాను.

"నువ్వు సెప్పకపోతే నాను అమ్మీసీవోడినే. అది బాగుంటాదేటి?"

ఆ తరువాత మావయ్య వరి వేయలేదు, నార కోసం గోగు వేశాడు. కర్మ అయిన మర్నాడు అత్తతో పొలానికి వెళ్లాను. గోగు నా ఎత్తు పెరిగింది, గోంగూర చిగుళ్లు లేతగా ఉన్నాయి. నడుస్తూ, ఏ ఆలోచనా లేకుండానే నాలుగు ఆకులు తుంచాను. అత్త ఆగి నా చెయ్యి పట్టుకుంది.

"కూరకి కాదమ్మా," అంది.

వేళ్లు విప్పి ఆకులు కింద రాల్చింది. తరువాత చీర కొంగుతో నా అరచేయి తుడవసాగింది, ఒక్కో వేలూ.